పాత ఇనుముతో నాలుగేళ్లు

మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డి, దాని డ్రమ్ము మూత తీసినప్పుడల్లా నాకు ఉయ్యూరు గుర్తొచ్చేది. చెరకు సీజన్‌లో బస్సు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దాటుతుంటే కిటికీలోంచి ఒక వాసన కొట్టేది. సగం తీపి, సగం పులుపు, పైన కాస్త కంపు. చిన్నప్పుడు అమ్మ కొంగులో ముక్కు దూర్చేవాణ్ణి. పాతికేళ్ల తర్వాత పెన్సిల్వేనియాలో మా పక్కింటి గ్యారేజీ వెనకాల అదే వాసన మీదికి వంగి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక పాత ఫోర్డ్ పికప్ తలుపు కీలు కోసం దేవులాడుతూ ఉన్నాను.

పశువుల దాణాలో కలిపే మొలాసిస్ అక్కడ ఫీడ్ స్టోర్లలో చవగ్గా దొరుకుతుంది. ఒక పాలు మొలాసిస్‌కి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, తుప్పు పట్టిన ఇనుప సామాను అందులో వేసి, మూడు వారాలు మర్చిపోవాలి. మర్చిపోవడమే కష్టం. తీసి నీళ్లతో కడిగితే తుప్పంతా బురదలా జారిపోయి, బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. మంచి ఇనుము జోలికి పెద్దగా పోదు కానీ జింకు, అల్యూమినియం లాంటివి వేస్తే తినేస్తుంది. అది నేను 40 డాలర్లు పెట్టి నేర్చుకున్నాను. స్ట్రామ్‌బర్గ్ కార్బొరేటర్ పైమూత ఇనుమే కదా అనుకుని పడేశాను. మూడు వారాల తర్వాత తీస్తే మశూచి వచ్చిన మొహంలా ఉంది.

మా ఊరి పేరు మెకానిక్స్‌బర్గ్. కానెస్టోగా బండ్లని, గుర్రాలు లాగే పెద్ద సరుకు బండ్లు ఉండేవి. 1800ల తొలి రోజుల్లో వాటిని బాగుచేసే మెకానిక్కులు స్థిరపడ్డ చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందట. మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది. మా మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. సెలవులకి అక్కడికి వెళ్తే మేకులు ఏరించేవాడు, పానాలు అందించమనేవాడు. మా నాన్న మాత్రం "వీణ్ణి ఆ గ్రీజులోకి దించకు" అని పట్టుబట్టి నన్ను కంప్యూటర్లలో వేశారు. అలా గ్రీజు తప్పించుకుని, ఇంత దూరం వచ్చి, మెకానిక్కుల ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాను.

పక్కింటి పెద్దాయన స్టీల్ మిల్లులో 30 ఏళ్లు మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. పరిచయం మా గడ్డి కోసే మిషన్ వల్ల జరిగింది. అది స్టార్ట్ కావడం లేదని పొద్దుటి నుంచి తాడు లాగుతుంటే, ఆయన కాఫీ కప్పుతో వచ్చి, ఏమీ మాట్లాడకుండా కార్బొరేటర్ గిన్నె విప్పి, చొక్కా అంచుతో తుడిచి, బిగించి వెళ్లిపోయారు. ఒక్క లాగుకే అందుకుంది. థాంక్స్ చెబుదామని వెనకే వెళ్తే గ్యారేజీలో గోడ నిండా నల్లా తెల్లా ఫోటోలు. ఎండిపోయిన ఉప్పునేల మీద మూతులు తెరిచిన, మడ్‌గార్డులు లేని కార్లు.

హాట్ రాడ్ అనే మాట నేను అప్పటిదాకా విన్నాను కానీ ఏదో రంగులేసిన షో కార్లు అనుకున్నాను. ఆయన చెప్పింది వేరు. 1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు చవగ్గా కొని, బరువు తగ్గించడానికి అక్కర్లేనివన్నీ ఊడబీకి, ఇంజిన్‌కి బలం పెంచి, మ్యురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద పందేలు పెట్టుకునేవాళ్లు. 1937లో వాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘం పెట్టుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో ఆ పిచ్చి దేశమంతా పాకింది. అంటే మొదట్నించీ ఇది డబ్బులేని వాళ్ల సరదా. ఆ రోజుల్లో దొరికిన భాగాలతోనే, ఆ పద్ధతిలోనే కడితే దాన్ని ట్రెడిషనల్ అంటారు. రేడియల్ టైరు, ఎలక్ట్రిక్ ఫ్యాను, మెరిసే అల్లాయ్ చక్రాలు పెడితే ఆయన లెక్కలో అది బండే కాదు. "ఇప్పుడు ఆ భాగాలకే లక్షలు పోస్తున్నారు. చవగ్గా కట్టడం తెలిసినవాళ్లు తగ్గిపోయారు" అని పెద్దాయన బాధ.

2009లో అమెరికాలో ఎవరి చేతిలోనూ డబ్బుల్లేవు. మా ఆఫీసులో సగం మందిని ఇంటికి పంపారు, మిగిలినవాళ్లకి టెన్షన్. ఆ వేసవిలోనే పెర్రీ కౌంటీలో ఒక పొలంలో 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ పికప్ ఉందని తెలిసింది. ఉందంటే, ఛాసిస్, క్యాబ్, ఒక తలుపు, వెనక తొట్టి. ఇంజిన్ లేదు. క్యాబ్ కింది నాలుగు అంగుళాలు తుప్పులో కలిసిపోయాయి. తొట్టిలోంచి ఒక చెట్టు మొలిచి, నా మణికట్టంత లావయింది. 1,800 డాలర్లు. పెద్దాయన 1,500 అడిగారు, రైతు తల ఊపలేదు. నేను 1,800 ఇచ్చేశాను. దారిలో ఆయన నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేశాను. శనివారం రాత్రి నాకు 9 గంటలైతే ఆయనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర, షెడ్డుకి వెళ్లే ముందు టీ తాగే టైము.

"ఏరా అబ్బాయ్, ఇంజిన్ ఉందా?"

"లేదు మావయ్యా."

"గేర్‌బాక్సు?"

"లేదు."

"మరి నడిపేది ఎట్లా? తోస్తావా?" కాసేపు నవ్వి, తర్వాత కాస్త మెల్లగా, "మీ నాన్నకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు.

పెద్దాయన ఒక ఎర్ర అట్ట పుస్తకం ఇచ్చి, ప్రతి సెంటూ రాయమన్నారు. ఇంకో షరతు, ఏ వస్తువైనా నచ్చిన రోజున కొనకూడదు. మూడు శనివారాలు ఆగాక కూడా కావాలనిపిస్తేనే కొనాలి. ఈ షరతు వల్ల రెండు మంచి బేరాలు చేజారాయి, ఇరవై పనికిమాలినవి తప్పాయి.

ఇంజిన్ విషయంలో మాత్రం నేను షరతు తప్పాను. మోడల్ ఏకి వచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజిన్ 40 హార్స్‌పవర్‌ది, దాంతో హాట్ రాడ్ కాదు. మాకు కావాల్సింది ఫ్లాట్‌హెడ్ వీ8, నాలుగేసి సిలిండర్లు రెండు వరసలుగా వీ ఆకారంలో ఉండేది. ఫోర్డ్ 1932లో తెచ్చి, అమెరికాలో 1953 దాకా కార్లలో పెట్టిన ఇంజిన్. సామాన్యుడు కొనగలిగిన ధరకి 8 సిలిండర్లు ఇచ్చింది అదే. ఒక గడ్డి కొట్టంలో 300 డాలర్లకి ఒకటి కనిపిస్తే, చేత్తో తిప్పితే తిరుగుతోంది కదా అని కొనేశాను. పెద్దాయన చూసి, "ముందు మ్యాగ్నాఫ్లక్స్ చేయిద్దాం" అన్నారు. బ్లాకుని అయస్కాంతంలా మార్చి, పైన సన్నటి ఇనుప పొడి చల్లుతారు. పగులు ఉంటే పొడి అక్కడికి పోయి గీతలా చేరుతుంది. పొడి చల్లిన మనిషి నోటితో ఉఫ్‌మని ఊదాడు. మిగతా పొడంతా ఎగిరిపోయి, వాల్వు కూర్చునే చోటి నుంచి సిలిండర్ లోపలికి చీమల బారులా ఒక గీత మిగిలింది. ఇంకో సిలిండర్ దగ్గరా అదే. 300 డాలర్ల బరువైన ఇనుము. పుస్తకంలో ఆ పద్దు పక్కన పెద్దాయన ఏమీ రాయలేదు, కింద ఒక గీత మాత్రం గీశారు.

తర్వాత దొరికింది అసలు బేరం. 1946 ఫోర్డ్ సెడాన్, మొత్తం కారు 700 డాలర్లు. బాడీ జల్లెడ. కానీ లోపల 239 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్, హైడ్రాలిక్ బ్రేకులు, వెనక ఇరుసు, 16 అంగుళాల ఇనుప చక్రాలు. తక్కువ డబ్బుతో కట్టాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, భాగాలు విడివిడిగా కొనొద్దు, చచ్చిన కారు మొత్తంగా కొనండి. మాకు అక్కర్లేని డ్యాష్‌బోర్డు, గ్రిల్లు, బంపర్లు, చక్రాల డిప్పలు కార్లైల్ స్వాప్ మీట్‌లో, అంటే పాత భాగాల సంతలో, పెట్టి 420 డాలర్లు రాబట్టాం. పొద్దున 6 గంటలకి వానలో టార్పాలిన్ కింద కూర్చుని, ఇడ్లీ డబ్బా పక్కన పెట్టుకుని హెడ్‌లైటు రింగులు అమ్మిన రోజు అది. ఒకాయన ఇడ్లీ ఎంత అని అడిగాడు.

ఆ ఇంజిన్ హెడ్లు, అంటే సిలిండర్ల పైమూతలు, ఊడదీయడానికే నెలన్నర పట్టింది. హెడ్డుని బ్లాకుకి పట్టి ఉంచే తల లేని బోల్టుల్ని స్టడ్లంటారు. ఒక్కో హెడ్డుకి 24, రెండింటికీ 48. ఫ్లాట్‌హెడ్‌లో ఈ స్టడ్ల అడుగు భాగం నీళ్లు తిరిగే గదిలోకి దిగి ఉంటుంది. 60 ఏళ్ల తుప్పు లోపలి నుంచి పట్టుకుంటుంది. బలం పెడితే పుటుక్కున విరుగుతుంది. విరిగిందా, డ్రిల్లు వేసి తోడాలి.

పెద్దాయన గ్యాస్ టార్చితో స్టడ్డు చుట్టూ వేడిచేసి, టార్చి పక్కన పెట్టి, పుట్టినరోజు కేకు మీద పెట్టే సన్నటి కొవ్వొత్తి తీసి, స్టడ్డు మొదట్లో ఆనించేవారు. మైనం గుటుక్కున కరిగి మరచుట్ల లోపలికి పాకేది. సన్నగా పొగ. అప్పుడు పానా వేసి ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు కొద్దిగా. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. "కిర్ర్" అని ఒక శబ్దం వస్తుంది. అది విన్నాక నేను ఊపిరి వదిలేవాణ్ణి. ఆ శబ్దం రాకుండా పానా మెత్తగా తిరిగితే మాత్రం స్టడ్డు మెలి తిరుగుతున్నట్టు. వెంటనే ఆగాలి. నేను రెండుసార్లు ఆగలేదు.

48లో 5 విరిగాయి. అందులో ఒకదానికి శనివారం మొత్తం పోయింది. సెంటర్ పంచ్ సరిగ్గా కొట్టకుండా డ్రిల్లు పెట్టాను, అది పక్కకి జారింది. పెద్దాయన నా చేతిలోంచి డ్రిల్లు తీసుకుని బల్ల మీద పెట్టి, "ఇవాళ్టికి చాలు, ఇంటికెళ్లు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మావయ్యతో చెబితే, "మేమైతే కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేసేవాళ్లం. నీకు ఆత్రం ఎక్కువరా, చిన్నప్పుడూ అంతే, తడి పెయింటు మీద చెయ్యి పెట్టేవాడివి" అన్నాడు. ఆ చేతి గుర్తు ఉన్న లారీ ఎన్నేళ్లు తిరిగిందో.

అదృష్టం, ఈ బ్లాకులో పగుళ్లు లేవు. బోరుకొచ్చిన ఇంజినేమో అని భయపడ్డాం కానీ రింగులు, బేరింగులు, వాల్వులతో సరిపోయింది. బ్లాకు నీళ్ల గదుల్లోంచి మాత్రం బొగ్గులాంటి తుప్పు పెచ్చులు, దాంతోపాటు ఇసుక కూడా రాలింది. 1946లో పోతపోసినప్పుడు మూసలో మిగిలిపోయిన ఇసుక! ఒక పళ్లెంలో పోసి చూపిస్తే మా ఆవిడ, "మీరు వారమంతా కడిగింది ఇదా?" అంది.

గేర్‌బాక్సుకి హెర్షీ వెళ్లాం. అక్టోబరులో అక్కడ జరిగే పాత కార్ల సంతలో నడిచీ నడిచీ నా కాళ్లు పడిపోయాయి. సెడాన్‌లో గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉండే రకం. పికప్‌లో నేల మీది నుంచి లేవాలి. 1939 నాటి పెట్టె అయితే సరిగ్గా బిగుస్తుంది. 275 డాలర్లు, రెండో గేరు పళ్లు కొద్దిగా అరిగాయి. ఆ ఏడాది భాగాలకి ఎందుకంత గిరాకీ అంటే ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు మొదలుపెట్టిందీ 1939లోనే. మోడల్ ఏలో బ్రేకు తొక్కితే కడ్డీలు లాగి షూలు తెరుచుకుంటాయి, ఆగడం దైవాధీనం. హాట్ రాడ్ వాళ్లు హైడ్రాలిక్ బ్రేకుల్ని జ్యూస్ బ్రేకులంటారు. మేం సెడాన్‌వి మార్చాం. అన్నీ పాతవే అయినా సిలిండర్ల లోపలి రబ్బర్లు, పైపులు, గొట్టాలు మాత్రం కొత్తవి. బ్రేకుల్లోనూ టైర్లలోనూ కక్కుర్తి పడలేదు. పాత రకం బయస్ టైర్లు నాలుగూ కలిపి 700 డాలర్లయ్యాయి. ముందు చిన్నవి, వెనక పెద్దవి. ఆ నిలబడే తీరు వాటివల్లే వస్తుంది.

సెడాన్ చక్రాల మధ్య దూరం 114 అంగుళాలు, మోడల్ ఏది 103న్నర. డ్రైవ్ షాఫ్టు ఒక లావాటి గొట్టంలో మూసి ఉంటుంది, ఆ గొట్టాన్నీ లోపలి షాఫ్టునీ రెంటినీ కోసి కురచ చెయ్యాలి. పెద్దాయన 30 ఏళ్ల పనితనం అంతా ఆ ఒక్క వారంలో చూశాను. లేత్ మీద పెట్టి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, చెవి దగ్గరగా వంచి, కోత శబ్దం వింటూ తిప్పేవారు. కొలిచే పరికరం తర్వాత తీసేవారు, చెవి చెప్పింది సరిచూసుకోవడానికన్నట్టు. నేను చేసిందల్లా ఇనుప రజను ఊడ్చడం, మర్నాటి దాకా చెప్పుల్లోంచి ఏరుకోవడం.

వెల్డింగ్ నేర్పారు. ఛాసిస్ పట్టీలు లోపలి వైపు తెరిచి ఉంటాయి, వీ8 బలానికి మెలి తిరక్కుండా పలకలు అతికి పెట్టెలా మూయాలి. క్యాబ్ కింది అంచులు కొత్త రేకుతో కట్టాం. రెండో తలుపు ఏడాదికి దొరికింది, వేరే రంగులో. పైకప్పు కోసి ఎత్తు తగ్గించడం చాలామంది చేస్తారు. అద్దాలన్నీ మళ్లీ కోయించాలి, అదో ఖర్చు, పైగా నా తల కప్పుకి తగులుతుంది. మానేశాం.

మోడల్ ఏలో పెట్రోలు ట్యాంకు డ్యాష్‌బోర్డు వెనక, సరిగ్గా మోకాళ్ల పైన ఉంటుంది. మా ఆవిడకి ఈ సంగతి ఒక తెలుగు పిక్నిక్‌లో తెలిసింది, చెప్పింది నేనే, గొప్ప కోసం. "అంటే పెట్రోలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారా?" అంది అందరి ముందూ. అక్కడున్న మిత్రుడొకడు ఆ డబ్బుతో వాడిన క్యామ్రీ వచ్చేది కదా అన్నాడు. ఇంకొకడు మాత్రం ఏమీ అనకుండా మర్నాడు గ్యారేజీకి వచ్చి, మూడు గంటలు కూర్చుని, వాళ్ల నాన్న తెనాలిలో నడిపిన అద్దె జీపు గురించి చెప్పి వెళ్లాడు. తర్వాత ట్యాంకు వెనక్కి, సీటు కిందికి మార్చాం. ఆ విషయంలో మా ఆవిడ మాటే సబబు.

2012 ఏప్రిల్‌లో మొదటిసారి సెల్ఫ్ కొట్టాం. రెండుసార్లు ఊరికే తిరిగింది. మూడోసారి కార్బొరేటర్‌లోంచి ఒక మంట నాలుక బయటికొచ్చి లోపలికెళ్లింది, పెద్దాయన టోపీతో అదిమారు. స్పార్క్ ప్లగ్గులకి వెళ్లే తీగలు రెండు తారుమారు చేసింది నేనే. మార్చి కొడితే అందుకుంది. ఫ్లాట్‌హెడ్‌లో ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకీ పొగ పోయే దారులు మూడే, మధ్య రెంటికీ ఒకే దారి. అందుకే దాని శబ్దం వేరే వీ8లా ఉండదు. గొంతులో కఫం ఉన్న ముసలాయన నవ్వాపుకోలేక నవ్వుతున్నట్టు ఉంటుంది. ఫోన్‌లో మావయ్యకి వినిపించాను. "టాపెట్లు చప్పుడు చేస్తున్నాయి" అన్నాడు.

ఆ వేసవిలో కార్లైల్ దాకా తీసుకెళ్తే, పది మైళ్ల దూరానికి దారి మధ్యలో మరిగి పొంగింది. ఈ ఇంజిన్‌కి అది పుట్టుకతో వచ్చిన జబ్బు. పొగ దారులు బ్లాకు మధ్యలోంచి, నీళ్ల గదుల పక్కనుంచి బయటికి వెళ్తాయి. మంటని ఒళ్లోంచి పోనిచ్చుకుంటూ చల్లగా ఉండమంటే ఎలా ఉంటుంది? పెద్ద రేడియేటరు వేసి, ఫ్యాను చుట్టూ రేకు గొడుగు కడితే అదుపులోకి వచ్చింది. అదో 500 డాలర్లు.

రంగు రెడాక్సైడ్‌తో ఆపేశాం. మావయ్య షెడ్డులో కొత్త లారీ బాడీకి మొదట పడేదీ అదే. ఆ ఇటుక రంగు మీద ఇంకేదన్నా వెయ్యబుద్ధి కాలేదు, డబ్బులూ లేవు. 1948, అంతకు ముందు మోడళ్లు మార్చి కట్టినవాటికి పెన్సిల్వేనియాలో స్ట్రీట్ రాడ్ అని ప్రత్యేకం నంబరు ప్లేటు ఇస్తారు. ప్లేటు బిగించిన రోజున పుస్తకంలో కూడిక వేస్తే 9,460 డాలర్లు. ఆ గడ్డి కొట్టం ఇంజిన్ కూడా కలిపి.

2013 జూన్‌లో మావయ్య వచ్చాడు. కూతురు దగ్గరికి న్యూజెర్సీ వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. కాఫీ తాగాక తిన్నగా గ్యారేజీకి. పికప్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ప్యాంటు మడిచి, అట్ట వేసుకుని కిందికి దూరాడు.

"ఈ వెల్డింగు ఎవరిది?"

"పెద్దాయనది."

"ఇది?"

"నాది."

"తెలుస్తోంది."

వెనక తొట్టి అడుగు తుప్పులో పోతే, ఓక్ పలకలు పరిచి నేనే కట్టాను. నాకు గర్వంగా ఉన్నది అదొక్కటే. మావయ్య తొట్టిలోకి ఎక్కి, చెప్పులు విడిచి, అరికాలితో పలకల మీద నెమ్మదిగా రాస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఆగాడు. "బోల్టు తలలు పైకున్నాయిరా. బస్తా లాగితే చిరుగుతుంది" అన్నాడు. ఇందులో బస్తాలెవరు వేస్తారు మావయ్యా అన్నాను. "లారీ అన్నాక ఎవడో ఒకడు వేస్తాడు."

పెద్దాయన కంచె అవతలి నుంచి చూస్తున్నారు. నేను ఇద్దరికీ మధ్య అనువాదం చెయ్యబోయాను, అక్కర్లేకపోయింది. మావయ్య బోల్టు తల మీద వేలు పెట్టి, చొక్కా పట్టుకుని చింపినట్టు చూపించాడు. పెద్దాయన వంగి అరచేత్తో తడిమి, లోపలికెళ్లి, పలకలో తల దిగేలా గుంట తోడే బిట్టు పట్టుకొచ్చారు. మావయ్య అది తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, మొన వేలితో గీకి, సరేనన్నట్టు తల ఊపాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఒకాయన తోడుతుంటే ఇంకొకాయన రంపపు పొట్టు ఊదారు. నాకు మేకులు ఏరే పని ఇచ్చారు.

పుస్తకంలో చివరి పద్దు అదే. బోల్టులు 28, 14 డాలర్లు.